మొదటి మెసేజ్ నీకే

పేజీ కట్టినవాళ్ళు నోరు మెదపకూడదు. అదీ ఈ గదిలో రూలు. ఎవరి పేజీ తెర మీదికి వస్తే వాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెదవులు బిగించుకుని, మిగతావాళ్ళు ఆ పేజీని ఎలా తిప్పలు పెడతారో చూస్తూ కూర్చోవాలి. అక్కడ కాదు ఇక్కడ నొక్కండి అనకూడదు, అది అలా కాదండీ అని సర్దిచెప్పకూడదు, దగ్గినట్టు దగ్గి సైగ చేయడం కూడా కుదరదు. రేపు సైటు జనంలోకి వెళ్ళాక ప్రతి ఇంటికీ పోయి పక్కన కూర్చుని చెప్తావా అంటాడు అన్నగారు. జట్టుకి పెద్ద ఆయనే కాబట్టి, వయసులో చిన్నవాడైనా అందరికీ అన్నగారే. ఫోన్లు కూడా చేతిలో ఉండకూడదు. తలుపు పక్కన ఒక బిస్కెట్ల డబ్బా ఉంది, బిస్కెట్లు ఏనాడో అయిపోయాయి, లోపలికి వస్తూ అందరూ అందులో ఫోన్లు పడేసి మూత పెట్టి మరీ కూర్చుంటారు. ఇవాళ వంతు ఆమెది, కాబట్టి ఆమె ఫోను డబ్బాలో ఉంది, చేతులు ఒళ్ళో ఉన్నాయి, నోరు మూసుకునే ఉంది. మనసు ఒక్కటే ఏ రూలూ పట్టనట్టు గదంతా తిరుగుతోంది.

తెర మీద ఉన్నది ఆసుపత్రి సైటు. అసలుది కాదు, దాని నకలు. లోకానికి చూపించే ముందు తమలో తాము చూసుకోవడానికి కట్టుకునేది. స్టేజింగ్ అని దానికి పెద్ద పేరుంది గానీ ఈ జట్టులో అందరూ ఉత్తుత్తి సైటు అనే అంటారు. ఉత్తుత్తి డాక్టర్లు, ఉత్తుత్తి రోగులు, ఉత్తుత్తి జ్వరాలు. ఇవాళ ఈ గదిలో అందరూ సరే అన్నారంటే మధ్యాహ్నానికి ఇదే నిజమై కూర్చుంటుంది. ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. రెండోది తన వల్లే. తన ఫారం తెర మీదికి రాగానే ఉండబట్టలేక నోరు తెరిచింది, ఆ గడి అలా నింపకూడదండీ అంది, అంతే, చెప్తే గానీ అర్థం కాని ఫారం ఫారమే కాదని అన్నగారు మొత్తం వెనక్కి పంపేశాడు. ఈసారి కూడా జారితే పైవాళ్ళకి నా ముఖం ఎలా చూపించాలో మీరే చెప్పండి అన్నాడు పొద్దున్న. కేకలేసి ఉంటే బాగుండేది. నెమ్మదిగా అన్నాడు. కింది మూలన, తెర మీదే, అరచేయంత చదరంలో ఆసుపత్రి కౌంటరు కనిపిస్తోంది. ఇక్కడ బుక్ చేసినప్పుడల్లా అది తన కంప్యూటర్లో పడిందో లేదో చెప్పడానికి అక్కడి కౌంటరమ్మాయి లైన్లో కూర్చుని ఉంది. కెమెరా పక్కనున్న అల్మరా మీద పెట్టినట్టున్నారు, ఆ అమ్మాయి ఒక చెంప, కౌంటరు, దాని అవతల నాలుగు కుర్చీలు, అద్దం తలుపు, పైన గోడ గడియారం, అన్నీ ఓరగా కనిపిస్తున్నాయి. గడియారంలో పది దాటింది.

కీబోర్డు, జట్టంతా భూతద్దం అని పిలిచే ఆవిడ చేతిలోకి వెళ్ళింది. ఆవిడ తప్పులు పట్టే మనిషి. ఉద్యోగమే అది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం, ఆవిడ ముందు పేజీ పెట్టడమంటే పరీక్ష పేపరు హెడ్‌మాస్టరు బల్ల మీద పెట్టి నిలబడ్డట్టే. జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ఉత్తుత్తి మనిషి ఉంటాడు, పరీక్షించేటప్పుడు ఆ మనిషిగా మారిపోయి ఫారం నింపాలి. సైటుకి రంగులూ బొమ్మలూ గీసే రంగులాయన ఎప్పుడూ తొందరలో ఉండే ఒక గుమస్తాని కల్పించుకున్నాడు. భూతద్దం మాత్రం ఎవరినీ కల్పించుకోలేదు. ఉన్నవాడినే తెచ్చుకుంది. "మా సైరన్ తాతకి అర్థమైతే ఊరందరికీ అర్థమైనట్టే," అంటూ వేళ్ళు విరుచుకుని పేరు గడిలో సైరన్ తాత అని కొట్టింది.

సైరన్ తాత భూతద్దం నాన్న కాదు, ఫారం కట్టి నోరు మూసుకుని కూర్చున్న ఆమె నాన్న. ఆ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు, తనే చెప్పింది, మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నప్పుడు కబుర్లకేం లోటు. మిల్లులో సైరన్ వేయడం మా నాన్న పని, ఆ సైరన్ వింటే గానీ మా పేటలో పొయ్యి వెలిగేది కాదు, బడి గంట కూడా దాన్ని బట్టే కొట్టేవాళ్ళు, పేటలో అందరూ ఆయన్ని సైరన్ తాత అనే పిలుస్తారు, ఇప్పుడాయనకి చెవులు వినపడవు గానీ టైము మాత్రం వాచీ చూడకుండా చెప్తాడు, ఫోన్ చేస్తే ఎత్తడు, మెసేజ్ పెడితే అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి అందులో ఏముంటే అది చేస్తాడు. అందరూ నవ్వారు, ముచ్చటపడ్డారు. ఆ మర్నాటి నుంచి ఆయన వీళ్ళ రోగి అయిపోయాడు. ఆయనకి వీళ్ళు షుగరు పరీక్షలు చేయించారు, కళ్ళజోడు రాయించారు, పన్ను పీకించారు, అన్నీ తెర మీదే. నాన్న పేరు ఇలా అందరి నోళ్ళలోనూ నానడం ఆమెకి లోలోపల బాగానే ఉండేది. ఏ విభాగం అని అడుగుతోంది ఫారం. చెవి, ముక్కు, గొంతు అని ఎంచింది భూతద్దం. ఎప్పుడు అని అడుగుతోంది. "ఇవాళే. పదకొండుకి. అర్జెంటుగా వచ్చేవాళ్ళకి కూడా పనిచెయ్యాలిగా," అని బటన్ నొక్కింది. ఆకుపచ్చ టిక్కు పడింది, మెసేజ్ పంపించాము అని కింద అక్షరాలు మెరిశాయి, చదరంలోంచి కౌంటరమ్మాయి, "ఆ, వచ్చిందండీ ఇక్కడ," అంది. బల్ల మధ్యలో కాయితాల పక్కన టెస్టుఫోను పడుంది, అద్దం చిట్లిన పాతది, ఉత్తుత్తి మెసేజ్‌లన్నీ దానికే రావాలి. అది టింగు మనలేదు. సైలెంట్‌లో ఉందేమో అన్నాడు రంగులాయన. ముందు తెర, తర్వాత ఫోను, నా వరస నాది, నన్ను కంగారు పెట్టకండి అంది భూతద్దం.

ఆమె గుండెలో రాయి పడింది. ఎందుకు పడిందో మొదట తనకే తెలియలేదు. ఏదో మరిచిపోయాను, పొయ్యి కట్టేశానా, తాళం వేశానా, అలాంటి రాయి. ఏది మరిచిపోయాను. ఫారంలో ఎవరు ఏ నంబరు కొట్టినా ఉత్తుత్తి సైటు నుంచి మెసేజ్ ఒకే ఒక్క నంబరుకి పోతుంది, దారినపోయే ఎవరికో పోయి కొంప మునగకుండా అలా కట్టారు, కట్టింది తనే. ఆ ఒక్క నంబరు ఈ టెస్టుఫోనుది. ఉండాలి. ఉండాలి కదా. పోయిన వారం సెలవురోజు ఇంట్లో వంటింటి బల్ల మీద కూర్చుని మెసేజ్ పోతోందో లేదో చూద్దామంటే టెస్టుఫోను ఆఫీసులో ఉండిపోయింది. ఎదురుగా నాన్న బఠాణీలు ఒలుస్తున్నాడు, తొక్కలు ఒక పక్క, గింజలు ఒక పక్క, మధ్యలో ఆయన ఫోను. ఇంకేం, చేతికి అందిన నంబరు అదే. పెట్టేసింది. పేరు గడిలో నోటికొచ్చినట్టు అఆఇఈ అని కొట్టి, పన్ను నొప్పి అని ఎంచి బటన్ నొక్కగానే బఠాణీల మధ్య వెలుగు. నాన్న చేతులు తుడుచుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని చదివాడు. "ఎవరమ్మా ఈ అఆఇఈ గారు? ఈయనకి పన్ను నొప్పంట, నాకు చెప్తున్నారేంటి?" చెవులు వినపడనివాళ్ళ గొంతు ఎలా ఉంటుందో తెలుసుగా, ఆ మాట కింది వాటా వాళ్ళకి కూడా వినపడి ఉంటుంది.

ఆమె నవ్వి, ఆయన ముఖానికి ఎదురుగా ముఖం పెట్టి, పెదవులు విప్పి విప్పి చెప్పింది, అది ఉత్తుత్తిది నాన్నా, పట్టించుకోకు అని. ఆయన ఫోను తిరగేసి మరగేసి చూశాడు. మరి నాకెప్పుడొస్తుంది అన్నాడు. చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని ఎన్నాళ్ళుగా చెప్తోందో లెక్కపెట్టడం ఇద్దరూ మానేశారు. ఈ పని అవ్వనీ, ఈ లాంచ్ అవ్వనీ, ఒక లాంచ్ అయితే ఇంకో లాంచ్. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు, అలాగేనమ్మా అనేవాడు, ఆ అలాగేనమ్మా ఆమెకి ముల్లులా గుచ్చుకునేది. అందుకే ఆవేళ ఆయన చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. సైటు ఎక్కగానే మొదటి మెసేజ్ నీకే నాన్నా. అఆఇఈ అని కాదు, నీ పేరుతోనే వస్తుంది. వచ్చిందంటే బయల్దేరడమే. అదే అంది. బయల్దేరడమే అంది. ఇంకో మాట దొరకలేదా తన నోటికి, నేను వచ్చి తీసుకెళ్తాను అని ఎందుకు అనలేదు.

మార్చాను. మర్నాడు ఆఫీసుకి వచ్చి కూర్చోగానే నంబరు మార్చాను. బాగా గుర్తుంది, బ్యాగు భుజం మీంచి దించకుండానే మార్చాను. అది తన కంప్యూటర్లో. మార్చినదాన్ని ఉత్తుత్తి సైటు మీదికి ఎక్కించానా? ఎక్కించడానికి వేలు మీట మీద పెట్టిన మాట నిజం. అప్పుడే కదా పక్కింటావిడ ఫోను. మీ నాన్నగారిని బండి రాసుకుపోయింది, కంగారు పడకండి, కూర్చోబెట్టాం, మంచినీళ్ళిచ్చాం. కంగారు పడకండి అని ఎవరైనా అన్నాక కంగారు పడనివాళ్ళు ఉంటారా. మెట్లన్నీ ఎలా దిగిందో తెలియదు. వెళ్ళేసరికి ఆయన గుమ్మంలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, చొక్కా చెయ్యి భుజం దాకా చిరిగి వేలాడుతోంది, మోచేయి గీరుకుపోయింది. వెనక నుంచి వచ్చిందమ్మా, హారన్ కొట్టాడంట పాపం, వాడి తప్పేం లేదు అన్నాడు. వాడి తప్పేం లేదని మూడుసార్లన్నాడు. నువ్వు చెప్పకుండా ఇంక గుమ్మం దాటనులే అన్నాడు. ఆ రోజు ఆమె ఆఫీసుకి తిరిగి రాలేదు. ఆ మీట నొక్కిందా? నొక్కే లేచిందా? వారమంతా ఎవరికీ తెలిసే వీలు లేకపోయింది, మెసేజ్‌లు పంపే కంపెనీవాళ్ళు ఏదో మరమ్మతని లైను ఆపేశారు, నిన్న సాయంత్రమే మళ్ళీ ఇచ్చారు. అంటే ఇవాళ పోయిందే మొదటి మెసేజ్. మొదటి మెసేజ్ నీకే. సైరన్ తాత గారికి నమస్కారం, చెవి డాక్టరుతో మీ సమయం ఈ రోజు పదకొండు గంటలకు. ఏ ఆసుపత్రివాళ్ళు ఎవరినైనా సైరన్ తాత అంటారా, అది మా అమ్మాయి పెట్టిందే అనుకోడూ ఆయన? ఇంతకంటే రుజువేం కావాలి ఆయనకి.

నొక్కే ఉంటాను. నొక్కకుండా లేచే మనిషినా నేను. తెర మీద భూతద్దం ఇప్పుడు కళ్ళ విభాగంలోకి వెళ్ళింది, వెనక్కొచ్చింది, పుట్టిన తేదీ బదులు అక్షరాలు కొట్టింది, ఫారం ఎర్రబడి వద్దంది, శభాష్ అన్నాడు అన్నగారు. తనని చూసే అన్నాడు. ఇంకో రోజైతే ఆ మాటకి పొంగిపోయేది. ఇప్పుడు ఏ టైమైంది? చదరంలో గోడ గడియారం, పెద్ద ముల్లు సగం దూరం వచ్చేసింది. మెసేజ్ చూసిన వెంటనే ఆయన ఏం చేస్తాడో చెప్పడానికి ఆమె అక్కడ ఉండక్కర్లేదు. గడ్డం గీసుకుంటాడు, రెండుసార్లు, రెండోసారి ఎదురు. తెల్లచొక్కా తీస్తాడు, చెయ్యి చిరిగినది కాక రెండోది. తల తడిపి దువ్వుతాడు. వాచీ పెట్టుకుంటాడు, చెవికి ఆనించుకుని చూస్తాడు, వినపడదని తెలిసి కూడా ఆ అలవాటు పోలేదు. పదకొండంటే ఆయనకి పదకొండు కాదు, పదకొండుకి పది నిమిషాల ముందు. సైరన్ మీట మీద చెయ్యి వేసేవాడు జనం కంటే ముందే అక్కడ ఉండాలి కదమ్మా అనేవాడు. అంటే ఈపాటికి తలుపు దగ్గరికి లాగి ఉంటాడు. ఈపాటికి మెట్లు. ఈపాటికి మలుపు, ఇస్త్రీ కొట్టు, పెద్దరోడ్డు.

పెద్దరోడ్డు. అక్కడ వంతెన కడుతున్నారు, సగం రోడ్డు రేకులు కట్టి మూసేశారు, మిగిలిన సగంలోనే పోయేవీ వచ్చేవీ, బళ్ళు రేకుల చాటు నుంచి ఒక్కసారిగా బయటికొస్తాయి. కళ్ళున్నవాళ్ళు కూడా చెవులతోనే దాటాలి దాన్ని. ఆసుపత్రి దానికి అవతల. చిన్నప్పుడు అన్నం క్యారేజీ ఇవ్వడానికి మిల్లుకి వెళ్తే నాన్న ఆమెని సైరన్ గదిలో స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. ఇంక వేస్తున్నా, చెవులు మూసుకో అని సైగ చేసేవాడు, ఆమె అరచేతులు రెండూ గట్టిగా అదిమి పెట్టుకునేది, అయినా ఆ మోత ఎముకల్లో నుంచి వచ్చేది, పళ్ళు జివ్వుమనేవి. ఆయన మాత్రం నవ్వుతూ నిలబడేవాడు, ఒక చెయ్యి మీట మీద, ఒక చెయ్యి చక్రం మీద. నువ్వెందుకు మూసుకోవు నాన్నా అంటే, నాకు మూడో చెయ్యెక్కడిదే చిట్టీ అనేవాడు. ఊరందరినీ వేళకి లేపడానికి రెండు చేతులూ వాడేశాడు. ఇక్కడ తన చేతులు రెండూ ఖాళీగా ఒళ్ళో ఉన్నాయి, దేనికీ పనికిరాకుండా.

గదిలో నవ్వులు. ఏమైందా అని తల ఎత్తితే భూతద్దం సైరన్ తాతకి కాన్పుల వార్డులో బెడ్డు బుక్ చేస్తోంది, మగవాళ్ళకి ఆ వార్డు ఇవ్వకూడదు, ఇస్తుందో ఇవ్వదో చూడాలి. ఇచ్చేసింది. "శుభాకాంక్షలు తాతా," అన్నాడు రంగులాయన. కౌంటరమ్మాయి కూడా నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఇది తప్పు, తన ఫారంలో తప్పు, అన్నగారు రాసుకున్నాడు, ఆమెకి దాని మీద ధ్యాసే లేదు. ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. ఈ మెసేజ్ కూడా నాన్నకే వెళ్తుంది. చూస్తాడు. నాకు కాన్పేంటి, ఇదంతా ఉత్తుత్తి వ్యవహారం అని అర్థం చేసుకుంటాడు, తెల్లచొక్కా విప్పి కుర్చీ మీద పడేసి మళ్ళీ బఠాణీలు ముందు పెట్టుకుంటాడు. బంగారు భూతద్దం, ఇంకో రెండు బుక్ చెయ్యి తల్లీ. కానీ ఆ లేచొచ్చిన ప్రాణం ఎంతసేపు నిలిచింది. బయల్దేరిపోయి ఉంటే ఫోను జేబులో ఉంటుంది. జేబులో టింగు మంటే ఆయనకి తెలియదు. జేబులో అది వణికినా, ఆ రోడ్డు మీద లారీలకి నేలే వణుకుతుంటే ఏది ఏ వణుకని పోల్చుకుంటాడు.

లేచింది. లేచానని కుర్చీ చప్పుడు విన్నాకే తెలిసింది. "ఒక్క నిమిషం బయటికెళ్ళొస్తానండీ." అన్నగారు తెర మీంచి చూపు తిప్పకుండానే వేలెత్తాడు. "నీ పేజీ అయిపోవచ్చింది, ఈ ఒక్కటీ కానియ్యి." కసురుకోలేదు, బతిమాలినట్టే అన్నాడు. కూర్చుంది. కూర్చున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఎందుకు కూర్చున్నావే? మా నాన్న రోడ్డు మీద ఉన్నాడేమోనండీ అనలేవా? ఏమో కదా, ఏమో అనే మాట పట్టుకుని అందరి మూడు నెలల కష్టం ఆపేయాలా? నంబరు మార్చడం మరిచిపోయానని చెప్పడమంటే మధ్యాహ్నం ఇది జనంలోకి వెళ్ళదని చెప్పడమే. మళ్ళీ తన వల్లే. రెండోసారి కూడా ఈ అమ్మాయేనా అంటారు పైవాళ్ళు, అన్నగారు ముఖం దించుకుంటాడు, భూతద్దం జాలిగా చూస్తుంది, ఆ జాలి ఇంకా నరకం. కాబట్టి నాన్న ఇంట్లోనే ఉన్నాడు. ఉండాలి. మధ్యాహ్నం దాకా ఉంటే చాలు. ఇలా ఆలోచిస్తున్నది నేనేనా అనుకుంది. పట్టు తప్పిన మనిషిలా చదరంలోని అద్దం తలుపు వైపు చూస్తూ కూర్చుంది. తలుపు తెరుచుకుంది. చంకలో పిల్లతో ఒకావిడ. మళ్ళీ తెరుచుకుంది. నీళ్ళ డబ్బా మోసుకుంటూ ఒకతను. తెల్లచొక్కా, తెల్లచొక్కా, కాదు, ఎవరో డాక్టరు. ఆయన రావాలని చూస్తోందో రాకూడదని చూస్తోందో తనకే తేలలేదు. వస్తే రోడ్డు దాటినట్టు. రాకపోతే ఇంట్లో ఉన్నట్టు. లేకపోతే, వద్దు, ఆ మూడోది అనుకోకూడదు, అనుకోను. అంబులెన్సు ఏదో మోగుతోంది, చదరంలోనా, ఈ కిటికీ కిందా?

"సరే, ఇప్పుడు ఫోను," అని భూతద్దం టెస్టుఫోను అందుకుంది. అద్దం చిట్లిన చోట బొటనవేలితో రుద్దింది. ఒకసారి చూసింది, ఆపేసి మళ్ళీ వెలిగించి చూసింది. "ఒక్కటీ రాలేదే. సైలెంట్‌లో కూడా లేదు. సిగ్నల్ నిండుగా ఉంది." అన్నగారు కనుబొమలు ముడేశాడు. "అక్కడేమో పంపించామని ఆకుపచ్చ టిక్కు పడింది. పంపితే ఎక్కడికి పోయినట్టు?"

"మా నాన్నకి," అంది ఆమె.

అందరూ ఆమె వైపు తిరిగారు. కట్టినవాళ్ళు నోరు మెదపకూడదని ఎవరూ గుర్తు చేయలేదు. నంబరు సంగతి చెప్పింది, బఠాణీలు, పక్కింటావిడ, చిరిగిన చెయ్యి, ముందూ వెనకా లేకుండా, ఒకదాని మీద ఒకటి పడిపోతూ. ఇవాళ పదకొండుకని మెసేజ్ వెళ్ళింది, మా నాన్న నిజమనుకుంటారు, ఆయనకి హారన్లు వినపడవు. భూతద్దం చేతులు కీబోర్డు మీంచి కాలినట్టు లేచిపోయాయి. "సైరన్ తాతకా? నిజం తాతకా?" అంది, ఆవిడ అంత చిన్నగా మాట్లాడగలదని ఎవరికీ తెలియదు. రంగులాయన డబ్బా మూత తీశాడు. ఆయన చేతుల్లోంచి ఫోను లాక్కున్నంత పని చేసింది ఆమె. తెర మీద నాన్న మెసేజ్ ఉంది, ఎప్పుడో వచ్చి కూర్చుంది. మెసేజ్ వచ్చింది చిట్టీ. బయల్దేరుతున్నా. నువ్వు పని మానుకుని రావద్దు. కాన్పుల సంగతి అందులో ఏమీ లేదు. అప్పటికే వెళ్ళిపోయాడన్నమాట. వెళ్ళొద్దు నాన్నా ఎక్కడున్నావో అక్కడే నిలబడు అని కొట్టింది, వేళ్ళు పక్క అక్షరాల మీద పడుతున్నాయి, తుడిచి మళ్ళీ కొట్టింది. పోయింది. చూసిన గుర్తు పడలేదు. కాల్ చేసింది, చేసి ఏం లాభం, అయినా చేసింది, మోగి మోగి ఆగిపోయింది.

అన్నగారు మైకు దగ్గరికి వంగి కౌంటరమ్మాయికి చెప్తున్నాడు, పెద్దాయన ఒకాయన వస్తారమ్మా, తెల్లచొక్కా, వినపడదు, వస్తే కూర్చోబెట్టు. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి తలుపు వైపు చూస్తోంది. గదిలో నలుగురూ ఆ అరచేయంత చదరం వైపే చూస్తున్నారు. మిగతా తెరంతా ఆసుపత్రి సైటు నీలంగా, నున్నగా, ఒక్క తప్పూ లేనట్టు వెలుగుతోంది, దాన్ని చూసే నాథుడు లేడు. ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుంది. ఏ దారిన వెతకాలి, ఇంటి వైపు నుంచా, ఆసుపత్రి వైపు నుంచా, వంతెన దగ్గర ఎవరిని అడగాలి, ఏమని అడగాలి. తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"ఆగండి," అన్నాడు రంగులాయన. "తలుపు."

అద్దం తలుపు ఓరగా తెరుచుకుంది. ముందు ఒక చెయ్యి, వాచీ ఉన్న చెయ్యి, తర్వాత తెల్లచొక్కా. తలుపు దగ్గరే నిలబడి కాళ్ళు తుడుచుకున్నాడు. తల తడిపి దువ్వినట్టే ఉంది, పాయ చెదరలేదు. ఆమె పిడి వదిలేసి బల్ల దగ్గరికి వచ్చింది. నాన్నా అని అరిచింది, అరుపు మైకులోంచి అక్కడికి వెళ్ళే ఉంటుంది, కౌంటరమ్మాయి ఉలిక్కిపడింది, కుర్చీల్లో ఒకావిడ తల తిప్పి చూసింది, ఆయన మాత్రం గోడ గడియారం చూసి, తన వాచీ చూసి, రెండూ ఒకటే చెప్తున్నాయని తృప్తిపడుతున్నాడు. తర్వాత కౌంటరు దగ్గరికి వచ్చి జేబులోంచి ఫోను తీసి, దాని అద్దం ఆ అమ్మాయి వైపు తిప్పి, రెండు చేతులతో చూపించాడు. రోడ్డు దాటడానికి చాలాసేపు నిలబడ్డానమ్మా, లేకపోతే ఇంకా ముందే వచ్చేవాణ్ణి అన్నాడు. ఆ గొంతు. గది చాలలేదు ఆ గొంతుకి. భూతద్దం కళ్ళు తుడుచుకుంటోందో కళ్ళజోడు సర్దుకుంటోందో. ఇన్నాళ్ళూ ఆయనకి పళ్ళు పీకించిన మనిషి.

కౌంటరమ్మాయి ఆయన ముఖానికి ఎదురుగా ముఖం పెట్టి, నెమ్మదిగా, ఎవరో నేర్పినట్టే, పెదవులు విప్పి అడిగింది. "ఎవరు బుక్ చేశారు తాతగారూ?"

"మా అమ్మాయి," అన్నాడాయన. "పెద్ద పనిలో ఉందమ్మా ఇవాళ. అంత పనిలో కూడా నన్ను గుర్తుపెట్టుకుంది చూడు. మొదటి మెసేజ్ నాకే పెట్టింది."

కౌంటరమ్మాయి కెమెరా వైపు తిరిగింది, గొంతు తగ్గించింది, తగ్గించక్కర్లేదని తోచలేదు పాపం. "ఈయన పేరు నా దగ్గరుంది గానీ ఇది మీ ఉత్తుత్తిదాన్లో ఉందండీ. డాక్టరు గారి దగ్గర లేదు. ఏం చెప్పమంటారు ఈయనకి?" మధ్యాహ్నం సంగతి, పైవాళ్ళ సంగతి, మూడో వాయిదా సంగతి, అన్నీ అన్నగారి ముఖంలో ఒకదాని వెంట ఒకటి నడిచిపోవడం ఆమెకి కనిపించింది. మైకు ఆమె వైపు జరిపాడు.

"నీ ఫారమే కదా. నువ్వే చెప్పు."

ఆమె వంగింది. చదరంలో నాన్న కుర్చీలో కూర్చుంటున్నాడు, చొక్కా ముడతలు సర్దుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పిలుపు వచ్చేదాకా కదలననే మనిషిలా.

"ఉందని చెప్పమ్మా," అంది. "పదకొండుకి చెవి డాక్టరుతో ఆయనకి నిజంగానే ఉందని చెప్పు. డాక్టరు గారి దగ్గర కాయితం మీద రాయి. కూడా ఎవరున్నారని అడిగితే వాళ్ళ అమ్మాయి దారిలో ఉందని చెప్పు." మిగతా ముగ్గురి వైపూ చూడకుండా తలుపు తీసుకుని మెట్ల వైపు పరుగెత్తింది.